పారేసిన చెక్కని మండించే ముందు (ప్రసంగ పాఠం)

(రాలేకపోయినవాళ్ళు చదువుకోడానికి రికార్డింగ్ విని టైప్ చేసింది. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం అండి. వెనక వరస వాళ్ళకి వినిపిస్తోందా? వినపడకపోతే ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చెయ్యండి, మొహమాటం వద్దు. ఎలాగూ కొన్ని ముక్కలు తెచ్చాను చేతికిద్దామని, దగ్గరుంటే బాగా కనిపిస్తాయి.

నాకిచ్చిన టాపిక్ ఏంటంటే ఊళ్ళో పారేసే చెక్కని వేడికి ఇంధనంగా మార్చడం. పోస్టర్ మీద బాయిలర్ బొమ్మ వేశారు, చూశాను, బావుంది. కానీ బాయిలర్ గురించి నేను చివర్లో కాస్త మాట్లాడతా, అంతే. ఎందుకంటే ఇంధనం తయారయ్యేది బాయిలర్లో కాదు. చెక్కని ముక్కలు చేసే ష్రెడర్లో కూడా కాదు. లారీ వచ్చి యార్డులో చెక్క దింపుతుంది చూశారా, ఆ దింపే చోట. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ లారీకి ఎక్కించే చోట. అక్కడ ఏది దేంతో కలిసిందో ఇక అంతే, తర్వాత ఎంత ఖరీదు మెషిన్ పెట్టినా పూర్తిగా విడదియ్యడం అవ్వదు. ఈ మాట ఇవాళ ఇంకో నాలుగైదు సార్లు చెప్తా, విసుక్కోకండి.

సరే, ఊళ్ళో చెక్క ఎక్కడినుంచి వస్తుంది? ఒక్క చోటునుంచి కాదు, అదే అసలు తిప్పలు. గాలివానకి పడిపోయిన చెట్లు, కరెంటు తీగలకి అడ్డమని కొట్టేసిన కొమ్మలు ఒక రకం. కట్టుబడి దగ్గర సెంట్రింగ్ పలకలు, వాటికి సిమెంటు అంటుకునుంటుంది, అదో రకం. పాత బిల్డింగు కూలగొడితే తలుపులు, కిటికీ చట్రాలు, దూలాలు. గోడౌన్లలో సరుకు కింద వేసే ప్యాలెట్లు, మెషిన్లొచ్చే చెక్క పెట్టెలు. వడ్రంగి షెడ్డుల్లో మిగిలే ముక్కలు, రంపపు పొట్టు. ఇంకా విరిగిపోయిన మంచాలు, బీరువాలు, ఆఫీసు టేబుళ్ళు, వీటిలో సగం అసలు చెక్కే కాదు, పొట్టుకి జిగురు కలిపి నొక్కిన బోర్డు. ఇవన్నీ దూరంనుంచి చూస్తే చెక్కే. పొయ్యిలోకి వెళ్ళాక మాత్రం ఒక్కోటీ ఒక్కో సరుకు.

ఇదిగో, మొదటి ముక్క. ఇది ప్యాలెట్ పలక, పంపించండి అలా. దాని పక్కన నల్లగా కాల్చి వేసిన ముద్ర ఉంది చూడండి. గోధుమ కంకి బొమ్మ, పక్కన దేశం కోడ్, తయారీదారు నంబరు, కింద హెచ్‌టీ అని. 2002లో వచ్చిన అంతర్జాతీయ నియమం అది, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి చెక్కతో పాటు పురుగులు వెళ్ళకూడదని. హెచ్‌టీ అంటే చెక్క మధ్యభాగం దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు పెట్టారని. అంటే మందేమీ పూయలేదు, వేడి చేశారంతే. మనకి బంగారం అది. అదే చోట ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారని, దాన్ని నేనైతే పక్కన పెట్టేస్తా. అయితే ఒక్క మాట, ఈ ముద్ర ప్యాలెట్ పుట్టినప్పటి సంగతే చెప్తుంది, ఆ తర్వాత దానిమీద ఏ రసాయనం డ్రమ్ము ఒలికిందో ముద్ర చెప్పదు. మరక ఉందా, వాసనుందా చూడాలి. చూడ్డానికి మనిషే కావాలి.

రెండో ముక్క ప్లాస్టిక్ కవర్లో ఉంది, కవర్ విప్పకండి దయచేసి. బూడిద రంగులో మామూలు పాత పలకలా ఉంది కదా? ఎవరైనా దీన్ని చూసి అనుమానపడతారా? పడరు. చివర నేను కోసిన చోట లోపల చూడండి, లేత ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. అది రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు, చెదలు పట్టకుండా ఒత్తిడితో చెక్క లోపలికి ఎక్కిస్తారు. కంచెలకి, ఆరుబయట వేసే బల్లలకి, స్తంభాలకి దశాబ్దాల పాటు వాడారు. అమెరికాలో 2003 చివరికి ఇళ్ళ వాడకం నుంచి తప్పించారు. కానీ అప్పుడు వేసిన చెక్క ఇప్పుడు విరిగి బయటికొస్తోంది, అదీ సంగతి. ఎండకీ వానకీ ఉన్నకొద్దీ పచ్చదనం పోయి ఇలా బూడిద రంగుకొస్తుంది. దీన్ని మండిస్తే ఆర్సెనిక్ కొంత పొగలో పోతుంది, మిగిలింది బూడిదలో ఉంటుంది. ఇదొక్క పలక మంచి చిప్స్, అంటే కాల్చడానికి కొట్టిన చెక్క తునకలు, ఆ కుప్పలో కలిసిందనుకోండి, ఆ బూడిదంతా విషమే. అనుమానమొస్తే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ అని ఒకటుంటుంది, పలక మీద ఆనించి ట్రిగ్గర్ నొక్కితే ఆర్సెనిక్ ఉందో లేదో తెరమీద చెప్తుంది. మంచి పరికరం. కానీ అది పలకని చూడగలదు, చిప్స్ అయిపోయాక లక్ష తునకల్ని ఎవడు చూస్తాడు చెప్పండి?

మూడోది కిటికీ చట్రం ముక్క, రంగు పొరలు పొరలుగా లేస్తోంది. పాత రంగైతే సీసం ఉండొచ్చు, ఉండొచ్చు కాదు, పాత బిల్డింగుదైతే ఉందనే అనుకోవాలి. నాలుగోది ఈ ఎండీఎఫ్, ఇందాక చెప్పిన జిగురు కలిపి నొక్కిన బోర్డుల్లో ఒకటి. చూడ్డానికి శుభ్రం, మేకులు కూడా లేవు, పొడిగా ఉంటుంది. ఆశపడతాం. కానీ దాని జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్, అంటే నైట్రోజన్ బాగా ఎక్కువ, మండితే నైట్రోజన్ ఆక్సైడ్లు. పైన అతికిన షీటు పీవీసీ ప్లాస్టిక్ అయితే క్లోరిన్ కూడా వస్తుంది, క్లోరిన్ వస్తే డయాక్సిన్లనే విషాలు, బాయిలర్ ట్యూబులు తినెయ్యడం, రెండూ మొదలు. రాగి తోడైతే డయాక్సిన్లు ఇంకా తేలిగ్గా పుడతాయి, అంటే రాగి మందున్న ఆ రెండో ముక్కా ఈ ముక్కా కలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

జర్మనీ వాళ్ళు దీనికోసం ఏకంగా చట్టమే పెట్టుకున్నారు. 2003 మార్చి నుంచి అమల్లో ఉంది. పాత చెక్కని నాలుగు తరగతులు చేశారు. ఏమీ పూయనిది ఒకటో తరగతి. జిగురు, రంగు ఉన్నా క్లోరిన్ లాంటివి లేనిది, చెదల మందు లేనిది రెండు. పీవీసీ లాంటి పూత ఉన్నది మూడు. మందెక్కించినవి, రైలు పట్టాల కింది స్లీపర్లు, కరెంటు స్తంభాలు, ఇవన్నీ నాలుగు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, ఏ తరగతో తేలకపోతే మంచిదనుకుని పైకి నెట్టడం ఉండదు, కింది తరగతి కిందే లెక్క. చాలాచోట్ల మనుషులు సరిగ్గా దీనికి రివర్స్ చేస్తారు, ఆఁ ఏం కాదులే వెయ్యండి అంటారు.

అందుకే అంటున్నా, బిల్డింగు కూలగొట్టే ముందు ఒక్క రోజు మనుషుల్ని పంపి తలుపులు, చట్రాలు, దూలాలు చేత్తో విప్పించండి. మెషిన్ పెట్టి మొత్తం ఒకేసారి పడగొట్టేసి, ఇటుకముక్కలు, వైర్లు, గాజుపెంకులు, చెక్క అన్నీ కలిపి లారీకెత్తి, ఆ తర్వాత యార్డులో కూర్చుని ఏరడం ఉంది చూశారా, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. విప్పిన వాటిలో దూలం బాగుంటే, వంకర లేకపోతే, దాన్ని కాల్చడమేంటండీ? అది మళ్ళీ దూలంగానో బల్లగానో బతకాలి. వాడగలిగితే వాడు, లేకపోతే బోర్డు కంపెనీకియ్యి, అదీ కుదరకపోతే అప్పుడు కాల్చు. యూరప్ వాళ్ళు 2023లో సవరించుకున్న పునరుత్పాదక ఇంధన చట్టంలో కూడా ఈ వరసే పెట్టారు. ఇటలీలో పార్టికల్ బోర్డు ఫ్యాక్టరీలు ఎక్కువగా నడిచేది పాత చెక్క మీదే. కాబట్టి బాయిలర్ వాడికి రావాల్సింది మిగిలింది మాత్రమే. ఇది నా సొంత వ్యాపారానికి నష్టమే, అయినా చెప్తున్నా.

ఇప్పుడు తడి. ఇది కాస్త లెక్క, భయపడకండి, కరెంటు బిల్లు చూసినవాళ్ళందరికీ యూనిట్ తెలుసుగా, ఆ యూనిట్లలోనే చెప్తా. బాగా ఎండిన చెక్క, అంటే తేమ అసలు లేదనుకుందాం, కిలోకి సుమారు 5 యూనిట్ల వేడి ఇస్తుంది. పది శాతం తేమ ఉంటే నాలుగున్నర. ఇరవై శాతమైతే నాలుగు. ఇప్పుడే కొట్టిన చెట్టులో తేమ సగం ఉంటుంది, యాభై శాతం, దాన్నుంచి వచ్చేది రెండు యూనిట్ల పైన కొంచెం, అంతే. ఎందుకు? కిలోలో సగమే చెక్క, అదొకటి. ఆ ఉన్న చెక్క ఇచ్చే వేడిలోంచి కూడా నీటిని ఆవిరి చెయ్యడానికి కొంత పోతుంది, అది రెండోది. మంట కూడా చల్లబడుతుంది, పొగ ఎక్కువ. మరి చెక్కని టన్నుల్లెక్కన కొంటున్నారా మీరు? అయితే మీరు నీళ్ళు కొంటున్నారు. తూకం మీద కాదు, వేడి మీద డబ్బు కట్టండి, అంటే తూకంతో పాటు తేమ కొలిచి. ఒక శాంపిల్ తీసి 105 డిగ్రీల ఓవెన్లో బరువు ఇక తగ్గదు అనేదాకా ఆరబెట్టి చూస్తే చాలు, పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఊరి చెక్కలో ఒక సుఖం ఏంటంటే, ప్యాలెట్లు, పాత తలుపులు ఎప్పుడో ఎండిపోయి ఉంటాయి. కొమ్మలే తడి.

ఇక్కడో మెలిక ఉంది, తెలిసినవాళ్ళు అడుగుతారు కాబట్టి నేనే చెప్పేస్తా. చలిదేశాల్లో పెద్ద హీటింగ్ ప్లాంట్లలో పొగని చల్లబరిచి అందులో ఆవిరిని మళ్ళీ నీరు చేస్తారు, ఆవిరికి పోయిన వేడి అక్కడ చాలావరకు తిరిగొస్తుంది. వాళ్ళకి తడి చిప్స్ అంత నష్టం కాదు. కానీ దానికి ఇళ్ళకి వేడినిచ్చి చల్లబడి తిరిగొచ్చే నీళ్ళుండాలి, ఆ కండెన్సర్ ఉండాలి. చిన్న బాయిలర్ వాడు ఆ మాట పట్టుకుని తడి కొమ్మలు వెయ్యకూడదు.

తడి చిప్స్ కుప్ప గురించి ఇంకో మాట. ఆకులతో సహా పచ్చి కొమ్మల్ని చిప్స్ కొట్టి పెద్ద కుప్ప పోశారనుకోండి, కొన్ని రోజుల్లో లోపల అరవై, డెబ్బై డిగ్రీలకి వెళ్ళిపోతుంది. బాక్టీరియా, బూజు, అవి తింటుంటే వేడి. పొద్దున్నే వెళ్తే కుప్ప మీద ఆవిరి లేస్తుంటుంది, కొత్తవాళ్ళు మంచు అనుకుంటారు. ఆ తినేది మన ఇంధనాన్నే, నెలనెలా తగ్గిపోతుంటుంది. ఆగకుండా వేడెక్కితే చివరికి అంటుకుంటుంది కూడా, ఎవరూ అగ్గిపుల్ల గియ్యక్కర్లేదు. అందుకని దుంగల్లా ఉంచుకోండి, కాల్చేముందు చిప్స్ కొట్టుకోండి. కుప్ప మరీ ఎత్తు పొయ్యొద్దు, దానిమీద లోడర్ ఎక్కించి తొక్కించొద్దు, తడీ పొడీ కలిపి పొయ్యొద్దు. ఒక పొడుగు థర్మామీటర్ గుచ్చి రోజూ చూడండి.

ష్రెడర్ దగ్గరికి వద్దాం, ఇది త్వరగా ముగిస్తా. నెమ్మదిగా తిరిగే ష్రెడర్ ముందు, పెద్ద ముక్కలు చేస్తుంది, మేకులున్నా తట్టుకుంటుంది. బెల్టు మీద అయస్కాంతం మేకులూ బందులూ లాగేస్తుంది. అల్యూమినియం అయస్కాంతానికి రాదు కాబట్టి దానికి ఎడ్డీ కరెంట్ సెపరేటర్ అని వేరే ఉంటుంది. తర్వాత జల్లెడ. మీలో చాలామంది అయస్కాంతం గురించి అడుగుతారు, మేకులే పెద్ద సమస్య అనుకుంటారు. మేకులు సమస్యే కాదండి, నిజంగా. మేకు బూడిదలో మేకుగానే దొరుకుతుంది. అసలు సమస్య మట్టి.

ఇదిగో ఇది పట్టుకోండి, బరువుగా ఉంటుంది. నల్లగా, గాజులా మెరుస్తూ, రాయిలా ఉంది కదా? ఇది రాయి కాదు, బూడిద. క్లింకర్ అంటారు. చెక్కలో సహజంగా ఉండే బూడిద ఒక శాతం లోపే, బెరడుతో కలిపితే కొంచెం ఎక్కువ. కానీ లోడర్ బకెట్‌తో నేలమీద గీకి ఎత్తితే మట్టీ ఇసుకా కలిసి ఐదు శాతం దాటిపోతుంది. ఇసుకలో సిలికా, చెక్కలో పొటాషియం, రెండూ కలిస్తే తక్కువ వేడికే కరుగుతాయి, కరిగి గ్రేటు మీద, అంటే చెక్క కాలే ఇనప జాలీ మీద, ఇలా గడ్డకడతాయి, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, బాయిలర్ ఆపి గడ్డపలుగుతో కొట్టాలి. దీన్ని కొట్టే మనిషి చేతులు చూస్తే తెలుస్తుంది. దీనికి మందేంటి? యార్డుకి కాంక్రీటు నేల. అంతే. బాయిలర్ కంపెనీ బ్రోచర్లో ఎక్కడా ఉండదు ఈ మాట, కానీ పదిలో తొమ్మిది సార్లు ముందు ఖర్చు పెట్టాల్సింది ఆ నేల మీదే. మళ్ళీ నేను మొదట్లో చెప్పిన దగ్గరికే వచ్చాం, చెక్క ఎక్కడ దింపుతున్నాం.

గుళికలు చేద్దామా అని చాలామందికి ఉత్సాహం, పెల్లెట్లు అంటారు కదా. పొట్టు చేసి, పది శాతం తేమకి ఆరబెట్టి, ఆరు లేదా ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రాల్లోంచి గట్టిగా నొక్కితే రాపిడి వేడికి చెక్కలో ఉండే లిగ్నిన్ మెత్తబడి అదే జిగురులా పట్టేస్తుంది. చక్కగా ఉంటాయి, చోటు తక్కువ. ఒక ఘనమీటరు చిప్స్‌లో ఉండేది సుమారు 80 లీటర్ల డీజిల్ వేడి, అదే గుళికలైతే 300 లీటర్ల దాకా. మరి ఎందుకు వద్దంటున్నాను? అంతర్జాతీయ ప్రమాణం 17225 ఉంది, దాన్లో అన్నిటికంటే పైదైన ఏ1 గ్రేడ్ గుళికకి బూడిద 0.7 శాతం మించకూడదు, పైగా ఒకసారి వాడేసిన చెక్క ఆ గ్రేడ్‌లోకి రానే రాదు. మందు పూయని పాత చెక్కకి కూడా దక్కేది బీ గ్రేడే. అంటే ఆరబెట్టడానికి, నొక్కడానికి అంత ఖర్చు పెట్టి కింది గ్రేడ్ సరుకు చేస్తాం. వడ్రంగి షెడ్డు పొట్టు శుభ్రంగా, విడిగా దొరికితే గుళికలు చెయ్యండి. మిగతాది చిప్స్‌గానే పక్కనున్న పెద్ద బాయిలర్‌కి వెళ్ళనివ్వండి. పక్కనున్న అన్నా, గుర్తుంచుకోండి, చిప్స్ అంటే సగం గాలే, దాన్ని లారీలో దూరం తిప్పితే డీజిలే మండుతుంది.

గుళికలు నిల్వచేసే గది గురించి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. వాటిలో కొవ్వు పదార్థాలు గాలితో కలిసి కార్బన్ మోనాక్సైడ్ వదుల్తాయి. మంట లేకుండానే. రంగూ వాసనా ఉండదు. ఓడల్లో, ఇళ్ళ కింది స్టోర్ గదుల్లో లోపలికి దిగిన మనుషులు చనిపోయారు, పైకి లాగడానికి దిగినవాళ్ళు కూడా పడిపోయారు. గాలి ఆడాలి, మీటర్ పట్టుకుని దిగాలి, ఒక్కరే దిగకూడదు.

ఇక బాయిలర్. మాటిచ్చాను కాబట్టి. వేడి అంటే చలిదేశాల ఇళ్ళే కాదు, ఫ్యాక్టరీకి ఆవిరి కావాలి, ఆసుపత్రికి, లాండ్రీకి వేడినీళ్ళు కావాలి, ఆరబెట్టే యంత్రాలకి వేడి గాలి కావాలి. చెక్కతో కరెంటే చేస్తాం అంటే చిన్న ప్లాంట్లలో చెక్కలోని శక్తిలో నూటికి పాతిక దాకా దక్కుతుంది, అదే వేడిగా వాడుకుంటే ఎనభై ఐదు దాటుతుంది. పైగా కరెంటుకి ఆవిరి బాగా వేడెక్కాలి, ఆ వేడి ట్యూబుల్ని క్లోరిన్ త్వరగా తింటుంది. వేడినీళ్ళ బాయిలర్‌కి ఆ బాధ తక్కువ. అందుకే ఊరి చెక్కకి వేడే సరైన ఉద్యోగం అంటాను.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ పాల్ అని ఊరు. అక్కడ ఊరి నడిబొడ్డున చాలా బిల్డింగులకి పైపుల్లో వేడినీళ్ళు పంపే వ్యవస్థ 1983 నుంచి ఉంది. 2003లో దానికి చెక్కతో నడిచే ప్లాంటు పెట్టారు, వేడీ కరెంటూ రెండూ వస్తాయి, ఏడాదికి రెండు లక్షల టన్నులకి పైగా చెక్క తింటుంది. ఎక్కువ భాగం ఊళ్ళో కొట్టేసిన చెట్లే. వీళ్ళ అదృష్టమో దురదృష్టమో, యాష్ అనే జాతి చెట్లని చంపే పచ్చ పురుగొకటి 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది, 2009కి సెయింట్ పాల్ చేరింది. బెరడు కింద తొలుచుకుంటూ చెట్టుని ఎండగొట్టేస్తుంది. వేల చెట్లు కొట్టాలి, ఆ దుంగల్ని వేరే ఊరికి పంపిస్తే పురుగూ వెళ్తుంది. ఊళ్ళోనే చిప్స్ కొట్టి ఊళ్ళోనే కాల్చే చోటు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎక్కడ పెట్టేవాళ్ళు? చూడండి, ఇక్కడ కూడా మొదలు చెక్క కాదు. పైపులు. వేడి తీసుకునేవాళ్ళు ఇరవై ఏళ్ళ ముందే ఉన్నారు.

పునరుత్పాదకం అనొచ్చా అని ఎవరో కాగితం మీద రాసి పంపారు. కొట్టేసిన కొమ్మలకైతే అనొచ్చు, నాకేం సందేహం లేదు, చెట్టు గాలిలోంచి తీసుకున్న కార్బనే అది, చెత్తకుప్పలో పూడిస్తే కొంత మీథేన్ అయ్యి వస్తుంది, అది వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకి పైనే వేడి పట్టేస్తుంది. రంగుకీ జిగురుకీ అనలేం, అవి ఎక్కువగా పెట్రోలియం, సహజవాయువు లాంటి వాటినుంచి వచ్చినవే. ఇక ప్లాంటు పెట్టేశాం కదా చెక్క చాలట్లేదని నిలబడ్డ చెట్టు కొట్టడం మొదలుపెడితే ఆ పేరు వాడకండి. అందుకే ప్లాంటుని దొరికే చెక్క కంటే చిన్నదిగా కట్టాలి.

ఇంకో ప్రశ్న, ఇంట్లో చిన్న పొయ్యిలో పాత చెక్క వేసుకోవచ్చా? వద్దు. హెచ్‌టీ ముద్ర ఉండి మరకా వాసనా లేని ప్యాలెట్, పచ్చి కొమ్మ ఎండబెట్టింది తప్ప ఇంకేదీ వద్దు. రంగేసింది, బోర్డు, స్లీపర్ ఏదీ వద్దు. యూరప్‌లో క్లోరిన్, భారలోహాలున్న చెక్క కాల్చే ప్లాంటుకి పొగ 850 డిగ్రీల దగ్గర కనీసం 2 సెకన్లు ఉండాలని నియమం, ఆపైన ఫిల్టర్లు, పొగలోకి సున్నం చల్లడం. మీ పొయ్యికి ఇవేమన్నా ఉన్నాయా?

బూడిద మొక్కలకి వేసుకోవచ్చా అన్నారు. శుభ్రమైన కొమ్మలదైతే, గ్రేటు కింద పడిన బూడిద వెయ్యొచ్చు, కాల్షియం, పొటాషియం ఉంటాయి, మట్టి పులుపు తగ్గిస్తుంది, మరీ ఎక్కువ వెయ్యకండి. పొగతో ఎగిరి ఫిల్టర్లో పట్టిన సన్నబూడిద మాత్రం వద్దు, కాడ్మియం లాంటివి ఆవిరై వెళ్ళి అక్కడే చేరతాయి. పాత చెక్క కాల్చిన బ్యాచ్ అయితే రెండూ వద్దు, టెస్ట్ చేయించి ప్రమాదకర వ్యర్థాల చోటికి పంపాలి. అందుకని బిన్నులు వేర్వేరుగా పెట్టుకోండి, ఇనప బిన్నులు, మూతలున్నవి, ఎందుకంటే బూడిద లోపల నిప్పు రోజుల తరబడి అలానే ఉంటుంది.